సోమవారం పొద్దున తీసిన రక్తం

పన్నెండేళ్లుగా నాకు సోమవారం పొద్దున అంటే పడదు. రిటైరయ్యాక కూడా ఇదేం బద్ధకమని ఇంట్లో నవ్వుతారు. వాళ్లకు చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరు నా మొహం ఎరగరు, అదే నా ధైర్యం.

అప్పట్లో ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేశాను. పాత బస్సు వస్తే ముందు దాని పెయింటు ఊడదీయాలి. రేకు మీద ఒక మందు పూస్తే రంగు పొక్కులు లేచి ఊడొస్తుంది. షెడ్డులో గాలి ఆడదు. డబ్బా మూత తీస్తే ఆఫీసు గదిలో ఉన్న నాకే తల తిరిగేది. ఆ మందు పూసే పనివాడు మస్తాన్ రోజంతా ఆ వాసనలోనే ఉండేవాడు. నలభై దాటని మనిషి, బీడీ కూడా ముట్టడు.

తనిఖీ వాళ్లు అడిగారని పనివాళ్లకు రక్తపరీక్షలు పెట్టించాం. డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. పీల్చిన మందు ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందట. రక్తంలో ఆక్సిజన్ తగ్గి గుండె మీద భారం పడుతుందట. ఒకరోజు సెలవు దొరికితే రక్తం మళ్లీ మామూలుగా కనిపిస్తుంది, కాబట్టి శనివారం పని దిగగానే తీయాలన్నారు.

నేను సోమవారం పొద్దున తీయించాను. పని మొదలుకాకముందు. చీటీల మీద మాత్రం శనివారం, పని దిగాక, అని నా చేత్తోనే రాశాను.

ఓనరు చెప్పాడని రాస్తే నాకెంత తేలిక! ఆయన చెప్పలేదు. రిపోర్టులు బాగోకపోతే పని ఆపాలి, వరసగా నిలబడ్డ బస్సులు ఆలస్యమవుతాయి, ఆ కబురు ఆయనకు చెప్పాల్సింది నేను. కొత్తగా దక్కిన కుర్చీ. భయపడ్డానా? భయమే అయితే రాసేటప్పుడు చెయ్యి వణకాలి కదా. వణకలేదు. తెలివిగా చేశాననుకుని ఇంటికెళ్లి కడుపునిండా భోంచేశాను.

రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. ఎందుకు రావు?

కొన్ని వారాలకు మస్తాన్ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సార్, శనివారం వచ్చేసరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటందండీ. ఆదివారం ఇంటికాడ ఉంటే తగ్గిపోద్ది."

"రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది మస్తాన్. గ్యాస్ అయ్యుంటుంది."

"మీరు చూశారుగా అండీ. ఇంకేం, ఫర్లేదు."

ఒకరోజు సెలవుతో మామూలవుతుందని డాక్టరుగారు చెప్పిన మాటే అతని నోటి నుంచి వచ్చింది. నాకు వినపడింది. అయినా గ్యాస్ అన్నాను. అతను నవ్వుకుంటూ వెళ్లి డబ్బా మూత తీశాడు.

ఆ ఏడాది వర్షాకాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం, బస్సు పక్కనే కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే పోయాడు. గుండెపోటన్నారు.

పరామర్శకు వెళ్లినప్పుడు అతని భార్య రజియా నన్నే ఓదార్చింది. మీరు పరీక్షలు కూడా చేయించారు, మీ తప్పేముంది సార్, అంది. ప్రతి ఆదివారం మటన్ వండిపెట్టి తానే చంపుకున్నానని ఏడ్చింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన ఓనరు ఉన్నాడు. మూసుకున్నాను.

ఈమధ్య పాత పనివాడొకడు గవర్నర్‌పేట బస్టాపులో కనిపించి చెప్పాడు. రజియా ఇప్పటికీ మాంసం వండదట. బక్రీద్‌కి ఎవరైనా వాటా పంపినా పొరుగింటికి ఇచ్చేస్తుందట. ఆ మాట విని అక్కడే కూర్చుండిపోయాను. అతని గుండెకు వారంలో తెరిపి దొరికింది ఆ ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజునే ఆవిడ పన్నెండేళ్లుగా నిందిస్తోంది.

ఆ మందే చంపిందని నేను నిరూపించలేను. రక్తం శనివారం తీసుంటే బతికేవాడా? తెలియదు. ప్రమాదంలో ఉన్నానని తెలుసుకునే అవకాశం అతనికి లేకుండా చేసింది మాత్రం నేను. ఇందులో అనుమానం లేదు.

రజియాకు కబురు పంపాను. శనివారం సాయంత్రం వస్తానని. ఆవిడ తిట్టవచ్చు, పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చు, తలుపు వేసుకోవచ్చు. క్షమించమని అడగను. మీ వంటకు ఏ పాపమూ లేదమ్మా అని ముందు చెబుతాను, తర్వాత సోమవారం సంగతి. మీకు పేరు లేకుండా రాశాను. ఆవిడ దగ్గర నా పేరుతోనే మొదలుపెడతాను.

ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. రేపే శనివారం. ఈసారి రోజు మార్చను.