గాల్లో ఎన్ని?

మా మావయ్య లెక్క చెప్పాడంటే ఇంట్లో ఏదో ఒకటి గాల్లోకి లేవాల్సిందే. ఉల్లిపాయలు, సబ్బుబిళ్ళలు, చుట్టిపెట్టిన మేజోళ్ళు, ఏది దొరికితే అది. ఆయన లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, అత్తయ్య కోడిగుడ్లు బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. నేనేమో లెక్కల్లో శుద్ధ మొద్దుని. తప్పు చెబితే నవ్వుతారన్న భయంతో క్లాసులో నోరు విప్పడమే మానేశాను. నోటి పరీక్షలో కూడా ఇలాగే నిలబడితే మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతామని టీచరమ్మ తేల్చి చెప్పింది. అమ్మ నన్ను మావయ్య దగ్గరికి తోలింది.

"ఒరేయ్, ఒక్కో చేతిలో ఒక్క ఉల్లిపాయే పడుతుంది. మూడింటిని ఆపకుండా ఎగరేస్తుంటే, గాల్లో తక్కువలో తక్కువ ఎన్నుంటాయి?"

నేను గోడవైపు చూశాను. గోడ జవాబేమీ అందించలేదు. "సున్నా" అన్నాను.

మావయ్య ఎగరేశాడు. ఒకటి జారి పాలగిన్నెలో పడింది. చెరో చేతిలో ఒకటి మిగిలింది.

"గాల్లో సున్నా! కరెక్టేరా! సరే, అది జారకపోయుంటే?"

"ఒకటి!" అనేశాను. భయపడాలన్న సంగతే మర్చిపోయాను.

మర్నాడు నాలుగు సబ్బులు. నేను ఒకటన్నాను. ఓ సబ్బు మంచం కిందికి జారిపోయి నా జవాబుని నిజం చేసింది. నా అంత మేధావి మా వంశంలో పుట్టలేదని నమ్మకం కుదిరింది. పాపం, మావయ్య చేతులే పట్టు తప్పాయని జాలిపడ్డాను.

"గడియారంలో ఆవగింజంత మర జారదు కానీ, ఈయనకి ఉల్లిపాయ జారుతుంది!" అని అత్తయ్య పాలు వడగడుతూ సణిగేది. మేధావి బుర్రకి అదీ ఎక్కలేదు.

పరీక్షలో మొదటి జవాబు తప్పింది. టీచరమ్మ ముఖం చిట్లించేలోగా "ఆగండి, జారిపోయింది!" అని మళ్ళీ ఆలోచించి చెప్పాను. గట్టెక్కాను.

ఆ కబురు చెబుదామని దుకాణానికి పరిగెత్తితే, మావయ్య తలుపు వైపు వీపు పెట్టి ఐదు పాత అలారం గడియారాలు ఎగరేస్తున్నాడు. ఒక్కటీ జారడంలేదు.

"చాల్లెండి, వాడొచ్చే వేళైంది" అంది అత్తయ్య.

మావయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వెంటనే ఒకటి కిందపడి గణగణా మోగింది. నాకు నవ్వాగలేదు. ఆయన మీద ముంచుకొచ్చిన ప్రేమతో వెళ్ళి నడుముని వాటేసుకున్నాను.

ఇప్పుడు మా అమ్మాయికి నేనూ అలాగే లెక్కలు చెబుతున్నాను. అది నాలాంటిది కాదు, చురుకైన పిల్ల. నేను ఎన్ని ఎగరేసినా "సున్నా" అంటుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు.