గులకబాట మీద కళ్ళాపి

బతుకులో నేను ఎక్కువ రోజులు చేసిన పని గడ్డి పీకడం. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. వయోజనుల బడిలో పంతులమ్మ, చేసిన పని గురించి నాలుగు ముక్కలు రాయమంటే పక్కవాళ్ళు వరినాట్లనీ చెరుకు కొట్టడమనీ రాశారు. నేను ‘గులకరాళ్ళలో గడ్డి పీకాను’ అని రాశాను. ఆవిడ నవ్వింది. నవ్వే సంగతి కాదది. ఆ రోజు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తల్లో చోడవరం శివార్న, పెద్ద ఆఫీసర్లు వస్తే దిగే సర్కారు బంగళా ఒకటి ఉండేది. గేటు నుంచి మెట్ల దాకా జీపు బాట. దాని నిండా ఏటి నుంచి బళ్ళ మీద తోలించిన గులకరాళ్ళు. ఎండాకాలం చూడముచ్చటగా ఉండేది. నాలుగు చినుకులు పడితే చాలు, రాయికీ రాయికీ మధ్య నుంచి ఏదో ఒకటి లేచేది.

నేనక్కడ రోజుకూలీని. ఒకరోజు ఓవర్సీరు పిలిచాడు.

“పెద్ద ఇంజినీరుగారు శ్రావణంలో వస్తన్నారు. ఆ రోజుకి బాట మీద గడ్డిపరక కనపడకూడదు. అలా ఉంచేవంటే తోటపని పోస్టుకి నీ పేరే రాస్తాను. పర్మనెంటు.”

పర్మనెంటు అంటే ఏమిటో నాకు తెలుసు. జ్వరమొచ్చి పడుకున్నా పని పోదు. నా మొగుడు చెరుకు బండి కింద పడి కాలు పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. నేను పడుకుంటే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి కూడా పడుకునేది.

“మందు కొట్టెయ్యమంటారా బాబూ?” అన్నాను.

“మందూ వద్దు, ఉప్పూ వద్దు. పక్కనే బావి. ఆఫీసర్లు తాగే నీళ్ళవి. సేత్తో పీకు.”

చేత్తోనే పీకాను. తొలకరికి నేల మెత్తగా ఉన్నప్పుడు పొద్దున్నే కూర్చోవాలి. ఎండెక్కితే నేల బిగుసుకుని వేరు తెగిపోతుంది. గరికను పైకి లాగితే లాభం లేదు. రాళ్ళు పక్కకు తోసి, బొరిగెతో వేరు పోయిన దారంతా తవ్వుకుంటూ పోవాలి. తుంగకు కింద గడ్డ ఉంటుంది. గడ్డ చేతికి రాలేదంటే పీకనట్టే. అప్పుడే లేచిన మొలకల మీద మాత్రం, చెరుకాకు మంట మీద నీళ్ళు మరగబెట్టి పోసేదాన్ని. తవ్విన చోటల్లా మళ్ళీ రాళ్ళు సర్దాలి. నా గోళ్ళు అరిగిపోయాయి.

బంగళాకి ఒక ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. తాతా అని పిలిచేదాన్ని. మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, “ఒసే గుంటా, రాళ్ళకి పేలు సూస్తన్నావేటే?” అనేవాడు. నవ్వొచ్చేది.

ఆషాఢం సగమయ్యేసరికి బాట తేటపడింది. వానలు కూడా ఆగాయి. ఇక పోస్టు నాదే అనుకున్నాను. అక్కడే చేశాను అసలు పని.

పొద్దున్నే కళ్ళాపి చల్లకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దని మా అమ్మ పెంచింది. కళ్ళాపి పడని వాకిలి చావింటి వాకిలి. బంగళాకి ఆడదిక్కు లేదు. వాకిలంటే ఆ బాటే. అందుకని మా ఆవు పేడ తట్టలో మోసుకెళ్ళి, నీళ్ళలో కలిపి, గేటు నుంచి మెట్ల దాకా రోజూ చల్లాను. నాకెవరూ చెప్పలేదు. పోస్టు రావాలని దేవుడికి మొక్కినట్టు చల్లాను.

తాత చూసి, “సల్లవే సల్లు. పెద్దయ్యగారికి ఆచారం ఎక్కువ. ఇంకా సిక్కగా కలుపు” అన్నాడు. సంతోషించి చిక్కగా కలిపాను.

ఇంజినీరు రావడానికి ముందు నాలుగు రోజులు ఆగకుండా వాన. మా ఊరికీ చోడవరానికీ మధ్య పారే గెడ్డ పొంగింది. దాటలేకపోయాను. ఐదో రోజు నడుం లోతు నీళ్ళలో దాటి వెళ్ళేసరికి జీపు వచ్చేసి ఉంది. బాట పచ్చగా ఉంది.

“ఏటే ఇది?” అని అరిచాడు ఓవర్సీరు. “గడ్డి పీకమంటే తోటకూర నారు పోసినావేటి?”

ఇంజినీరు నవ్వి, “బాగానే పండుతుందయ్యా మీ బాట” అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నా ముఖమైనా చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక కూర్చుని పీకడం మొదలుపెట్టాను. అన్నీ ముళ్ళతోటకూర, గడ్డి మొలకలు. బాట అంచుల్లో ఒక్కటీ లేదు. నడుమ మాత్రం నెలవంకల్లా, ఒకదాని పక్కన ఒకటి, గేటు నుంచి మెట్ల దాకా. చేత్తో నీళ్ళు చిమ్మితే పడే వంపు అది. నా చెయ్యే. మా ఆవు గట్ల మీద మేసిన కలుపు గింజల్ని నేనే తట్టలతో తెచ్చి నాటాను.

వారం తిరక్కుండా పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. తాత అల్లుడికి.

తాత దగ్గరికెళ్ళి నిలబడ్డాను. “పేడలో గింజలుంటాయని నీకు తెలుసా తాతా?”

“పశువులు కాసినోణ్ణి. నాకు తెలీదేటే?”

“మరి సెప్పలేదేం?”

“సల్లమని నాను నీకు పురమాయించేనేటి? నువ్వే సల్లినావు.” చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు. “మా గుంటకీ ఇద్దరు పిల్లలున్నారే” అన్నాడు, గేటు వైపు చూస్తూ.

తిట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మర్నాడు మళ్ళీ అక్కడికే కూలికెళ్ళాను. ఇంకెక్కడికి పోతాను?

మరుసటేడు ఆ బాట మీద పేడనీళ్ళు పడలేదు. మొలిచిందల్లా మొలిచినట్టే పీకాను. శ్రావణానికి దువ్విన తలలా ఉంది. ఇంజినీరు వచ్చి, ఇదీ తోటమాలి పనంటే అని తాత అల్లుడి భుజం తట్టాడు. నేను గేటు పక్కన గడ్డి తట్టతో నిలబడి ఉన్నాను.

ఆ వెనకే ఆ అల్లుడికి టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం దిగలేదు. పని పోలేదు. ఆ నెలంతా బాట మీద గడ్డి నేనే పీకాను.