పడటం నేర్పిన కోచ్ గారు

మా అమ్మాయికి జూనియర్ కాలేజీలో ఫుట్‌బాల్ నేర్పిన కోచ్ గారు మొన్న మంగళవారం కన్నుమూశారు. మా అమ్మాయి నా ఆఫీసుకి ఫోన్ చేసి, "అమ్మా, కోచ్ అంకుల్ నో మోర్" అంది. నేనేదో అనేలోపే పెట్టేసింది. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఎదురుగా ఒకాయన లోన్ కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, తన కాగితాలు చూసే ఏడుస్తున్నాననుకుని పాపం కంగారుపడిపోయాడు. కోచ్ గారు వింటే పడీపడీ నవ్వేవారు.

ఆయన మీలో ఎవరికీ తెలిసుండరు. ఆయన జట్టు పేపర్లోకి ఎక్కేటంతగా ఎన్నడూ గెలవలేదు. మలేషియా రబ్బరు తోటల్లో పుట్టి, పని వెతుక్కుంటూ వంతెన దాటి మేముండే ఈ ద్వీప దేశానికి వచ్చి, యీషున్ పేటలో స్థిరపడ్డ తెలుగాయన. తాతల నాటి ఉత్తరాంధ్ర యాసకి కాస్త మలాయ్, కాస్త తమిళం తాలింపు పెట్టి మాట్లాడేవారు. మొదటిసారి వినేవాళ్ళు సగం అర్థం చేసుకుని, మిగతా సగానికి తల ఊపేవారు.

ఇక్కడ ఆట బాగా ఆడే పిల్లలకి పరీక్షల కంటే ముందే కాలేజీ సీటు ఖాయం చేసే పద్ధతి ఒకటుంది. మిగతా కోచ్‌లు అందుకోసం స్కూళ్ళ మ్యాచ్‌ల చుట్టూ తిరుగుతారు. మన కోచ్ గారు వెళ్ళేవారు కాదు. "పేరున్న పిల్లలు పేరున్న కాలేజీకే ఎల్తారు. మనకి మిగిల్నోళ్ళని మనమే ఎతుక్కోవాల" అనేవారు. ఆయన వెతికేది బస్టాపుల్లో, ట్రైన్లలో, అందరూ చవకగా భోంచేసే హాకర్ సెంటర్లలో. మేం దొరికింది టోవా పాయో హాకర్ సెంటర్లో, ఆదివారం మధ్యాహ్నం, జనం కిటకిటలాడే వేళ.

మా ఇంటి పద్ధతి ప్రకారం మావారు అన్నం లైన్లో, నేను జ్యూస్ లైన్లో, మా అమ్మాయి టేబుల్ దగ్గర కాపలా. టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తే, అంటే మాదని గుర్తు పెడితే, ఎవరూ కూర్చోకూడదని ఊరంతటికీ తెలుసు. అయినా ఆ రోజు ఒక గుంపు ట్రేలు పట్టుకుని వచ్చిపడింది. మా పిల్ల చేతులు చాచి, అడ్డంగా జరుగుతూ, ఒక్కరినీ తాకకుండా నాలుగువైపులా మూసేసింది. స్కూల్లో నెట్‌బాల్ ఆడేది లెండి. ఆ గుంపు వేరే టేబుల్ వెతుక్కుని పోయింది.

నేను గ్లాసులతో వచ్చేసరికి ఎవరో పెద్దమనిషి తన నూడుల్స్ వదిలేసి మా టేబుల్ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏటమ్మా, పిల్ల ఎత్తెంతుంటాది? వాళ్ళ నాయినమ్మ కూడా పొడుగేనా? కళ్ళద్దాలు లేవు కదా? మాంసం తింటాదా? కోపం ఎక్కువా?"

పరాయి దేశంలో తెలుగు వినిపించిందని సంతోషించే వ్యవధి కూడా లేదు. ఇన్ని ప్రశ్నలు వరసగా అడిగేది ఎవరో మన ఆడపిల్లల తల్లులందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందండీ, సిగ్గుగా లేదా? పదహారేళ్ళ పిల్ల! బడికి పోయే పిల్లకి సంబంధం తెస్తారా? పెద్దోళ్ళు గదా అని ఊరుకుంటున్నా గానీ..."

ఊరుకున్నదేమీ లేదు. గుంటూరు గొంతంతా విప్పాను. చుట్టుపక్కల చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. ఆయన చేతులు కట్టుకుని, మధ్యలో అడ్డురాకుండా, అంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత అన్నం ట్రేతో వచ్చిన మావారి వైపు తిరిగి, "సార్, అమ్మ కూడా ఆడతాదా? గొంతు బాగుంది. గోల్‌కీపర్‌కి గొంతే సగం బలం" అన్నారు.

అప్పుడు తేలింది అసలు సంగతి. ఆయన జట్టుకి గోల్‌కీపర్ లేదు. మా పిల్లకి మార్కులు లేవు. ఆయన పనిచేసే కాలేజీలో చదవాలని మాత్రం మా అమ్మాయికి ప్రాణం. మార్కుల దారిలో వెళ్తే వాచ్‌మన్ కూడా లోపలికి రానివ్వడని ట్యూషన్ మాస్టారు మర్యాదగా చెప్పేశారు. ఆటల సీటు ఒక్కటే ఆశ. ట్రయల్ చూసి నిర్ణయించేది కోచ్ గారు కాదు, కాలేజీ వాళ్ళు.

"బోలే, బోలే" అన్నారాయన. అవుతుంది, అవుతుంది అని. ఆయనకి ప్రపంచంలో బోలే కానిది లేదు.

కానీ మా పిల్ల పడదు. నెట్‌బాల్లో పడే అవసరం రాదు. బంతి పక్కనుంచి వస్తే, పెద్దలకి దారి ఇచ్చినట్టు మర్యాదగా తప్పుకునేది. రెండు వారాలు సాధన చేయించి చూసి, కోచ్ గారు ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఫ్లాట్‌కి వచ్చారు. కాఫీ తాగి, ఇల్లంతా కలయజూసి, "ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా పడ్డారా?" అని అడిగారు.

మావారు స్నానాలగదిలో ఒకసారి జారాననీ, పెద్ద దెబ్బేమీ తగల్లేదనీ చెప్పారు.

"ఎలా పడ్డారు? సూపించండి."

పరుపు హాల్లోకి వచ్చింది. మావారు పడ్డారు. బాగా పడలేదని మళ్ళీ పడమన్నారు. తర్వాత నా వంతు. "అమ్మా, పిల్ల పుట్టిన కాడ్నించీ మీరు దానికి పడతావే, జాగ్రత్త అని చెప్పారు. మీరు పడితే గానీ అది పడదు" అన్నారు. నేను చీర కొంగు బిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని పడ్డాను. సోఫా పక్కకి జరిగింది.

అంతలో బెల్లు మోగింది. కింది ఫ్లాట్ చైనీస్ ఆంటీ. "వాట్ హ్యాపెనింగ్? మై ఫ్యాన్ షేకింగ్ లా!"

"సారీ ఆంటీ. మై పేరెంట్స్ ఆర్ ఫాలింగ్" అంది మా అమ్మాయి. చెప్పటమే ఆలస్యం, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ వచ్చి మా ఇద్దరి మధ్యన పరుపు మీద దభీమని పడింది. ఆంటీ ఏమీ అర్థంకాక చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. కోచ్ గారు ఆవిడ భుజాల కేసి చూసి, "ఆంటీ, బిఫోర్ యు ప్లే బ్యాడ్మింటన్ ఆ?" అని అడిగారు. ఆవిడ కోపం అక్కడితో సరి.

ట్రయల్ రోజు కాలేజీ వాళ్ళు ముగ్గురు కుర్చీలేసుకుని కూర్చున్నారు. కోచ్ గారు నోరెత్తకూడదట. మా పిల్ల మొదటి రెండు బంతులకీ మళ్ళీ దారి ఇచ్చింది. సీటు కళ్ళముందే జారిపోతోంది. మూడో బంతి మూలకి వస్తుంటే నా గొంతు నా మాట వినలేదు.

"పడవే! పడవే నా తల్లీ, పడు!"

పడింది. పొడవంతా పడింది. బంతి వేళ్ళకి తగిలి బయటికి పోయింది. కుర్చీలో ఉన్నావిడ నా వైపు చూసి, ఆ అమ్మ ఏమంటోందని కోచ్ గారిని అడిగింది.

"ప్రేయింగ్, మేడమ్" అన్నారు ఆయన, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

సీటు వచ్చింది. ఆ రెండేళ్ళూ జట్టు ఓడిపోతూనే ఉంది. ఓడినప్పుడల్లా కోచ్ గారే మకాన్‌కి, అంటే భోజనానికి, తీసుకెళ్ళేవారు. "గెలిచినోడికి ఆకలుండదు. ఓడినోడికి ముందు అన్నం పెట్టాల, తర్వాతే తిట్టాల" అనేవారు. అన్నం అయ్యాక తిట్టడం మర్చిపోయేవారు. నేను పిల్లని పెంచిన పద్ధతిలో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఈ మాట ఆయనతో ఒక్కసారైనా అని ఉండాల్సింది.

పోయిన నెల ఆస్పత్రిలో ఆయన్ని చూడ్డానికి వెళ్తే, మాట్లాడడానికే ఆయాసపడుతున్నారు. అయినా నన్ను దగ్గరికి పిలిచి, ట్రే పట్టుకుని మంచాల మధ్య తిరుగుతున్న నర్సుని చూపించారు. "సూడండమ్మా. ఎంత స్పీడు. వింగర్. వయసు దాటిపోయింది గానీ..."

యీషున్‌లో ఆయన ఉండే ఫ్లాట్ల బ్లాకు కింది ఖాళీ జాగాలో దేహాన్ని ఉంచినప్పుడు, ఆయన ఏరుకొచ్చిన పిల్లలంతా వచ్చారు. ఒకరిని బస్టాపులో పట్టారట, ఒకరిని లిఫ్టులో. ఎవరిని ఎక్కడ పట్టారో చెప్పుకుని నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. మా అమ్మాయి రెండూ చెయ్యలేదు. కుర్చీలు సర్దింది, వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చింది. ఇంటికొచ్చి గ్లవ్స్ ఉతుక్కుంది.

మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీ జట్టులో ఉంది. శనివారం మ్యాచ్. వెళ్ళొద్దన్నాను, వినలేదు. అప్పుడే వాన వెలిసింది, గడ్డి తడితడిగా ఉంది. ఆట మొదలైన కాసేపటికి అవతలి జట్టు పిల్ల ఒకతి బంతిని మెల్లగా తన్నింది. నిలబడి వంగి తీసుకోదగ్గ బంతి. మా అమ్మాయి దానిమీద పడింది. రెండు చేతులతో పొట్టకి అదుముకుని, మోకాళ్ళు ముడుచుకుని, బోర్లా ఉండిపోయింది. వెక్కిళ్ళకి భుజాలు కదులుతున్నాయి.

లేవమని అరవబోయి ఊరుకున్నాను. రిఫరీ విజిల్ నోటిదాకా తీసుకెళ్ళి, దించేశాడు. ఆ బంతి తన్నిన పిల్ల నెమ్మదిగా నడిచొచ్చి, మా అమ్మాయి పక్కన తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది.