చిన్నాయిన ఎండ్రికాయ అనుకున్నాడు

నిన్న సిద్దిపేట మార్కెట్లో బుట్టనిండా ఎండ్రికాయలు చూసి కాళ్లు కదల్లేదు. మన తరం వాళ్లకు గుర్తుందా, చెరువు అలుగు పారితే అందరూ గాలాలతో అక్కడే ఉండేవాళ్లు. మా చిన్నాయినకైతే చేపలంటే పిచ్చి. ఓసారి కట్ట బొరియలో చేయి పెట్టి "అబ్బా" అన్నాడు.

"ఏమైంది చిన్నాయినా?"

"ఏం లేదు బిడ్డా, ఎండ్రికాయ కరిసింది" అని నవ్వి మళ్లీ గాలం వేశాడు.

కాసేపటికి రెప్పలు వాలాయి, మాట ముద్దయింది. కల్లు గీసే తాత ఆ వేలు చూసి, "గిది ఎండ్రికాయ గాదు, పాము" అన్నాడు. అటునుంచే ఎడ్లబండిలో దవాఖానకు బయల్దేరాం. సగం దారిలో ఊపిరి ఆగింది. బండి ఇంటికి తిప్పారు.

చప్పుడు విని చిన్నమ్మ చింతపండు పిసికిన చేతులతో ఎదురొచ్చింది.

"చేపలు దొరికినయా?" అంది.