రంగడు బతికున్నాడా?

మొన్న నా వల్ల బచేలీ కొండమీద గని గనంతా ఒక మనిషి కోసం దిగులు పడిందంటే నమ్ముతారా? ఆ మనిషి అసలు ఈ లోకంలో పుట్టనే లేదు! నవ్వకండి, మొదట్నుంచీ చెప్తా.

మావారు కొండమీద ఇనుపరాయి గనిలో డంపర్ నడుపుతారు. నాకేమో మాయలూ మంత్రాలూ ఉన్న నవలల పిచ్చి. మా కాలనీలో హిందీ వినిపిస్తుంది, ఇక్కడివాళ్ళ హల్బీ భాష వినిపిస్తుంది, తెలుగు పుస్తకం మాత్రం కంటికి ఆనదు. ఓసారి జగదల్‌పూర్ దాకా వెళ్ళి షాపులో అడిగితే, ఆయన పాపం చాలాసేపు వెతికి తెలుగు పంచాంగం తెచ్చిచ్చాడు! అందుకే నాకు ఈబుక్కులే దిక్కు. పొద్దున్నే యాప్ తెరిచి కొత్తవేమొచ్చాయా అని చూడ్డం, ఉసూరుమని మూసెయ్యడం.

మూడేళ్ళుగా చూస్తున్నది ఒక్క నవల మూడో భాగం కోసమే. ఆ నవలలో రంగడని ఒక పడవవాడు. మబ్బుల ఏటిమీద మనుషుల్ని దాటిస్తుంటాడు. రెండో భాగం చివర్లో పడవ నిండా పిల్లలు. మునిగేలా ఉంది. బరువు తగ్గాలని వాడు తెడ్డు పెద్దపిల్ల చేతికిచ్చి, తను మబ్బులోకి దిగిపోయాడు. కింద పడ్డ చప్పుడు ఎవరికీ వినిపించలేదట. అంతే, పుస్తకం అయిపోయింది!

మూడేళ్ళండీ! కూర తరుగుతుంటే గుర్తొస్తాడు. వానాకాలం మా వీధిలోకి మబ్బు దిగితే అందులోంచి ఎవరైనా నడిచొస్తారేమోనని కిటికీ దగ్గర నిలబడిపోతా. మావారు "ఏంటలా చూస్తున్నావ్?" అంటే "బట్టలు ఆరలేదండీ" అంటా. ఇంకేం చెప్పను?

మొన్న పొద్దున యాప్ తెరిచానా, మూడో భాగం! పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. గబగబా నొక్కా. మళ్ళీ లాగిన్ అవ్వమంది. ఓటీపీ పంపాం అంది. ఎక్కడికి? మావారి నంబరుకి! ఆ ఫోనేమో కొండమీద లాకర్లో. డ్యూటీలో ఉండగా ముట్టుకోరు. సాయంత్రం దాకా ఆగొచ్చుగా అంటారా? మూడేళ్ళు ఆగినదాన్నే. కానీ ఎదురుగా కనబడుతుంటే ఆగడం వేరు!

గని కంట్రోల్ రూమ్‌కి ఫోన్ కొట్టా. "ఆయన్ని ఒకసారి ఫోన్ చూడమనండి, అర్జెంట్" అన్నా, నాకొచ్చిన హిందీలో.

"క్యా హువా భాభీజీ?" అన్నాడు ఆపరేటర్ కంగారుగా.

అబద్ధమేదీ సిద్ధం చేసుకోలేదు. మనసులో ఉన్నదే బయటికొచ్చేసింది. "రంగా జిందా హై కి నహీ, ముఝే అభీ జాన్‌నా హై!"

అంటుంటే నిజంగానే ఏడుపొచ్చేసింది. ఓటీపీ మాట ఎత్తేలోపు లైన్ కట్టయింది.

ఆ ఆపరేటర్ ఊరుకున్నాడా! భాభీజీ ఏడుస్తున్నారు, రంగా బతికున్నాడో లేదో తెలియట్లేదని వాకీటాకీలో చెప్పేశాడు. గనిలో ప్రతి బండిలోనూ అది మోగింది.

అరగంటలో ఇంటిముందు జీపు ఆగింది. ఎర్రదుమ్ముతో మావారు, వెనకే హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని వాళ్ళ ఫోర్‌మన్ గారు.

మావారు నన్ను లోపలికి లాక్కెళ్ళారు. "ఎవరే రంగా? మీవాళ్ళలోనా, మావాళ్ళలోనా? దారంతా తలుచుకుంటూ వచ్చా, ఒక్కడూ తగల్లేదు!"

"రంగడండీ... పడవవాడు..."

"ఏ పడవ?"

"పుస్తకంలో..."

ఆయన మంచం అంచున కూలబడ్డారు. తర్వాత గుసగుసగా, "బయట ఆయన నిలబడున్నాడే. నేనిప్పుడేం చెప్పాలి?" అన్నారు.

వెళ్ళి ఏదో చెప్పారు. దూరపు చుట్టమనీ, కనిపించకుండా పోయాడనీ. ఫోర్‌మన్ గారి కళ్ళలో నీళ్ళు! దేవుడిమీద భారం వెయ్యమ్మా అని నాకు దండం పెట్టి మరీ వెళ్ళారు. నేలలోకి దూరిపోతే బాగుండనిపించింది.

సిగ్గు పడ్డానా? పడ్డా. అయినా మావారి ఫోన్ లాక్కుని కొత్త ఓటీపీ తెప్పించుకున్నా! చీకటిపడేదాకా వంగిన తల ఎత్తలేదు. నాలుగొందల పేజీలు. రాణి వచ్చింది, రాక్షసులు వచ్చారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. రంగడు? ఊహూఁ. పేరన్నా లేదు. చివరి పేజీలో మాత్రం, ఏటి ఒడ్డున ఎవరో కొత్త తెడ్డు చెక్కుతున్న చప్పుడు. నాలుగో భాగంలో చూడమన్నారు!

బావురుమన్నా. మావారు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చి, "పోయాడా?" అన్నారు. ఆయన మొహం చూస్తే ఆయనకీ దిగులు పట్టుకున్నట్టే ఉంది.

ఇప్పుడు కూరగాయలకి వెళ్తే ఎవరో ఒకరు ఆపుతారు. రంగా కబురేమైనా తెలిసిందా భాభీ? ఇంకా లేదండీ అంటా, తల దించుకుని. అందులో అబద్ధమేం లేదు కదా!

ఈ ఆదివారం కాలనీ ఆడవాళ్ళంతా మా ఇంట్లో పూజ పెట్టారు, రంగా క్షేమంగా తిరిగి రావాలని. ప్రసాదం నేనే చేస్తున్నా. తప్పే, తెలుసు. కానీ నిజం చెప్పనా, ఆ రోజు అక్కడ అందరికంటే గట్టిగా దండం పెట్టుకునేది నేనే!