అమెరికా బండి, ఎమరీ పేపరు

మా నాన్నకి రెండు నమ్మకాలుండేవి. ఒకటి కొండ మీది దుర్గమ్మ, రెండోది తాతయ్య వదిలివెళ్ళిన మోటారు సైకిలు. అమ్మవారిని ఊరంతా నమ్మేది. బండిని గవర్నర్‌పేటలో మా ఇల్లు తప్ప ఎవరూ నమ్మలేదు.

దాని చరిత్ర నాన్న నోట వినాల్సిందే. యుద్ధం అయిపోయాక ఎవరో అమెరికా ఆఫీసరు, తను సరదాపడి ఓడలో తెప్పించుకున్న వేగం బండిని మద్రాసులో అమ్మేసి వెళ్ళిపోయాడు. అది చేతులు మారి తాతయ్యకి చిక్కింది. గంటకి వంద మైళ్ళు కొట్టేదట. ఎవరు చూశారని అడిగితే నాన్న పేపరు తిరగేసేవాడు.

నాకు ఊహ తెలిసేసరికి, అంటే తొంభైల్లో, అది లీటరుకి పన్నెండు కిలోమీటర్లిచ్చేది, అదీ బుద్ధి పుట్టినప్పుడు. నాన్న ఇబ్రహీంపట్నంలో డ్యూటీకి బస్సెక్కి వెళ్ళేవాడు. బండి మీద ఆదివారం ఒక్కసారి తిరిగొచ్చేవాడు. ఎక్కడ ఆపినా ఒకటే ప్రశ్న.

"మైలేజీ ఎంతొస్తదండీ?"

"దీని గురించి అడగాల్సింది అది కాదండీ," అనేవాడు నాన్న, మొహం మాడ్చుకుని.

వీధివాళ్ళ చరిత్ర వేరు. అది మిలటరీ తుక్కులోంచి నాలుగు బండ్లు ఏరి కుట్టిన అతుకుల బొంత అనేవాళ్ళు. నాన్న వినీ విననట్టు ఊరుకునేవాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

దసరాల్లో ఆయుధపూజ ముందురోజు బిందెలు తోమడం అమ్మ వంతు, బండి తోమడం నా వంతు. అమ్మకి చింతపండు, నాకు తుప్పు రుద్దే ఎమరీ పేపరు. ఇంజను ఎడమ పక్కన వేలెడంత చదును చోటుంది. అక్కడ రుద్దితే చిటికెలో తళతళలాడేది. ఆ చోటే నేను కసిగా రుద్దేదాన్ని. పసుపూ కుంకుమా పెట్టేది కూడా అక్కడే. "మెరుపంటే అదీ," అనేవాడు నాన్న.

ఇంజను కింద మాత్రం గ్రీజు, మట్టి కలిసి దిబ్బరొట్టెలా పట్టి ఉండేది. అందులోకి దూరడం నా వల్ల అయ్యే పని కాదు. ఏటా నాన్న వంగి చూసి, "పైన పటారం, లోన లొటారం," అని తిట్టేవాడు. పదేళ్ళు తిట్టాడు. పదేళ్ళూ నేను కింద చెయ్యి పెట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటాక బెజవాడలో పాత బండ్ల ప్రదర్శన పెట్టారు. అందులో పెట్టే బండి అసలుదో కాదో తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన మా ఇంటికొచ్చే పూట నాన్న ఆఫీసువాళ్ళనీ వీధివాళ్ళనీ పిలిచిపెట్టాడు. అతుకుల బొంతని తేలితే తాతయ్య అబద్ధాలకోరు, నాన్న ఆ అబద్ధాన్ని నెత్తినెట్టుకుని ఊరేగిన వెర్రివాడు.

"ఆ కాలం అమెరికా బండ్లకి చట్రం మీద నంబరుండదండీ. ఇంజను మీదే, ఎడమ పక్కన," అంటూ ఆయన వంగాడు. వంగినవాడు లేవలేదు. అక్కడ తన మొహం కనిపించింది గానీ నంబరు కనిపించలేదు.

"ఎవరు చెరిపారండీ? దొంగబండ్లకి చేస్తారిలా."

నాన్న ఆర్‌సీ బుక్కు చాపాడు. కాగితం ఏ ఇంజనుకైనా పనికొస్తుందన్నాడాయన. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న బుక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే రుద్దానండీ. పూజకి," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు మా సాయిబు గారు ముందుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బండిని విప్పి బిగిస్తున్న మెకానిక్ ఆయన.

"కింద చూడండి సార్. ఇంజను డొక్కు రెండు చెక్కలు కలిపి బిగించిందే, రెంటికీ అడుగున ఇంకో నంబరుంటది. విప్పినప్పుడల్లా చూస్తన్నా."

హైదరాబాదాయన చొక్కా నలిగినా చూసుకోకుండా నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. సాయిబు గారు స్క్రూడ్రైవరుతో ఆ గ్రీజు రొట్టె గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. టార్చి వెలిగింది. లోపలినుంచి అంకెలు వినిపించాయి. రెండు చెక్కల మీదా ఒకటే నంబరు, దాని మొదట్లో బండి తయారైన సంవత్సరం, యుద్ధానికి మునుపటిది.

"పుట్టినప్పటి జతేనండీ. అసలుది. ఈ గ్రీజు లేకపోతే ఇదీ పోయేది."

నాన్న వీధివైపు తిరిగి, "నేను చెప్పలా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. భక్తిగా తోమిన చోట పరువు పోయి, బద్ధకించిన చోట దక్కింది.

అందరూ వెళ్ళాక కాఫీ తీసుకుని బయటికొచ్చాను. బండి కింద నుంచి నాన్న కాళ్ళు రెండే కనిపిస్తున్నాయి. గరగరమని చప్పుడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"నంబరు సరిగ్గా కనపడొద్దూ?" అన్నాడు లోపలినుంచి. "ఎమరీ పేపరు అరిగిపోయిందే, ఇంకోటి పట్రా అమ్మాయ్."