సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు

కృష్ణకుమారి గురించి ఎవరైనా అడిగితే ముందు నాకు ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళలో సగం మంది "ఆ మొండి అకౌంటెంటేనా?" అంటూ మొదలుపెడతారు. మొండిదే. కాదని నేనెప్పుడన్నాను? కానీ ఆ మొండితనం ఎవరి కోసమో తెలుసుకోకుండా నా ముందు ఆ మాట అంటే మాత్రం జిరాక్సులు కూడా తీసివ్వను.

నా పేరు శేషారత్నం. మాది రేపల్లె. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. కోచింగ్ సెంటర్ల సందులో, మెట్ల కింద పన్నెండడుగుల గదిలో నా జిరాక్స్, డీటీపీ షాపు. గదిలో సగం నేనూ నా మిషనూ. మిగతా సగంలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, కృష్ణకుమారి. ఆ సగాన్ని ఆమెకు కిరాయికిచ్చాను. మొదటి నెలలోనే ఫ్యాను ఎటు తిప్పాలన్న దగ్గర ఇద్దరం గొడవపడ్డాం, ఆ తర్వాత నుంచి ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం.

ఆమెది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. తండ్రి మగ్గం అమ్మేసి చంపాపేట్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. ఈమె బీకాం చదివి, ఒక ఆడిటర్ దగ్గర నాలుగేళ్ళు నలిగి, సొంతంగా బల్ల పెట్టుకుంది. ఆమె దగ్గరికి వచ్చేది పెద్ద కంపెనీలు కాదు. ఎల్.బి.నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా పుట్టగొడుగుల్లా లేస్తున్న అపార్ట్‌మెంట్లకు పనివాళ్ళను పెట్టే చిన్న చిన్న కాంట్రాక్టర్లు. శ్లాబులకు చెక్కలు బిగించే సెంట్రింగ్ పనివాళ్ళు, రంగులవాళ్ళు, ప్లంబర్లు. కాంట్రాక్టర్లు మొత్తం పదకొండు మంది.

వీళ్ళందరికీ ఒక అలవాటుంది. కొత్తగా అకౌంటెంటును కుదుర్చుకున్న రోజే లెటర్‌హెడ్ల కట్ట ఒకటి తెస్తారు. బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క కాగితం కింద సంతకం గీకుతారు, రబ్బరు స్టాంపు గుద్దుతారు, కట్టను అక్కడే వదిలేస్తారు. పైనంతా ఖాళీ. "ఎప్పుడు ఏం అవసరమైతే అది నువ్వే రాస్కో మేడం, నన్ను పరేషాన్ చెయ్యకు" అని చెప్పి బండెక్కుతారు. దీన్ని వాళ్ళు నమ్మకం అంటారు. నేను బద్ధకం అంటాను. కృష్ణకుమారి డ్రాయరు నిండా అలాంటి కట్టలే ఉండేవి.

మస్టరు సంగతీ అంతే. ఏ రోజు ఏ మనిషి పనికి వచ్చాడో రాసే పుస్తకం అది. పొద్దున్నే సైటులో పేర్లు పిలిచి కాంట్రాక్టరే గుర్తు పెట్టాలి. ఎవరు పెడతారు? కొత్తవాళ్ళు చేరితే పేర్లు చీటీ మీద రాసి అకౌంటెంటుకు పంపుతారు. చీటీ రాకపోతే అకౌంటెంటు పోయిన నెల పేజీ చూసి ఈ నెలకు దింపేస్తుంది. దాచిపెట్టడం ఎందుకు, కృష్ణకుమారి కూడా అదే చేసేది. నేను పక్కనే కూర్చుని పల్లీలు తింటూ చూసేదాన్ని.

రెండువేల పదకొండులో ఆ లోపం బయటపడింది. అవి తెలంగాణ బంద్‌ల రోజులు. ఈ రోజు షట్టరు ఎత్తాలా వద్దా అని పొద్దున్నే రోడ్డు మీదకు తొంగి చూసి నిర్ణయించుకునేవాళ్ళం. నన్ను చూసి ఎవడన్నా "ఆంధ్రామె" అంటే కృష్ణకుమారి వాడి మీదకు ఒంటికాలి మీద లేచేది. మళ్ళీ సాయంత్రం "జై తెలంగాణ" అంటూ తనే ర్యాలీకి పోయేది. "పోయి రా, ఆ బిల్లుల ఫైలు నాకు అంటగట్టకు" అనేదాన్ని నేను.

ఆమె దగ్గర పెద్ద కాంట్రాక్టరు వెంకటనర్సయ్య. సెంట్రింగ్ పని. వాళ్ళ ఊరివాడే, వరసకు మామ. ఈమె బల్ల పెట్టిన రోజున మొదట వచ్చి కూర్చున్నది ఆయనే. ఆ కృతజ్ఞత ఆమెకు బాగా ఉండేది. ఉద్యమంలో కూడా ఆయన ముందుండేవాడు, దీక్షా శిబిరంలో ఆయన లేని రోజు లేదు. బంద్‌ల వల్ల పాత పనివాళ్ళు ఊళ్ళకు పోతే, జులైలో ఎల్.బి.నగర్ కూలీల అడ్డా మీద నలుగురు కొత్తవాళ్ళను పట్టుకొచ్చి అల్మాస్‌గూడ సైటులో పెట్టాడు. చీటీ మాత్రం పంపలేదు. నెలాఖరున కృష్ణకుమారి జూన్ పేజీ చూసి జులైకి దింపేసింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అండాలమ్మ అనే ఆవిడ నా షాపుకు వచ్చింది. చేతిలో దవాఖాన కాగితాలు. లేబర్ ఆఫీసుకు అర్జీ టైపు చేయమంది. భర్త బక్కయ్య జులై పద్దెనిమిదిన రెండో అంతస్తు సెంట్రింగ్ మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

"రెండు దినాలు వచ్చి చూసిండమ్మా కాంట్రాక్టరు. మూడో దినం నుంచి ఫోను ఎత్తుతలేడు. మా ఆయన అసలు తన మనిషే కాదంటున్నడట" అంది.

"కాంట్రాక్టరు పేరేంటమ్మా?" అని అడిగాను.

"వెంకటనర్సయ్య."

పక్క బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. కృష్ణకుమారి లేచి జులై మస్టరు తీసింది. పేజీ అంతా వేలితో వెతికింది. బక్కయ్య పేరు లేదు. కానీ జూన్‌లోనే ఊరికి వెళ్ళిపోయిన యాదగిరి అనేవాడు జులై అంతా పనికి వచ్చినట్టు ఇరవయ్యారు గుర్తులున్నాయి. అన్నీ ఆమె చేతిరాతే.  ఆ పుస్తకం అలాగే ఉంటే బక్కయ్య ఆ సైటులో అడుగే పెట్టనట్టు. ఇక మందులకైనా, నష్టపరిహారానికైనా ఎవరిని అడుగుతాడు?

 అండాలమ్మ వెళ్ళాక కృష్ణకుమారి వెంకటనర్సయ్యకు ఫోను చేసి రమ్మంది.

ఆయన మెడలో జై తెలంగాణ కండువాతో శిబిరం నుంచే వచ్చాడు. కుర్చీ లాక్కుని, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"బిడ్డా, ఒక కాయితం రాయాలె. గా బక్కయ్య మా మనిషి కాదు, ఎవర్నో కలువనీకి సైటుకొచ్చి జారిపడ్డడు అని. సంతకం నీ దగ్గర్నే ఉంది గదా."

"ఆయన నీ కాడ పని చేసిండా లేదా మామా?"

"మస్టర్ల ఉన్నడా?"

"మస్టర్ల లేడు. నేను అడిగింది అది కాదు."

"మస్టర్ల లేడంటే లేనట్టే. మస్టరు రాసింది ఎవరు? నువ్వే గదా. నువ్వు కాయితం రాసి ఊకుంటే చాలు. లేకుంటే ఏమైతది? అకౌంటెంటు మర్చిపోయిందని నేను చెప్పాల్సొస్తది. అప్పుడు నీకే కష్టం." తర్వాత గొంతు తగ్గించి, "మనం మనం తెలంగాణోల్లం. ఇసుంటి టైంల మనల మనమే బజార్ల పడేస్కుంటమా?" అన్నాడు.

"బక్కయ్యది ఏ రాష్ట్రం మామా?" అంది కృష్ణకుమారి.

 బక్కయ్యదీ తెలంగాణే, అచ్చంపేట. ఆయన కండువా సర్దుకుని లేచి, "ఏం చెయ్యాల్నో మంచిగ సోచాయించుకో" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. డ్రాయరులో ఆయన సంతకం పెట్టిన కాగితాలు బోలెడున్నాయి. "ఒకటి తియ్యవే. బక్కయ్య నా దగ్గరే పని చేస్తున్నాడని నువ్వే రాసెయ్యి. నేను ప్రింటు తీస్తాను. సంతకం ఆయనదే, రాసింది నిజమే. ఇంకేం కావాలి?" అన్నాను.

"రేపు ఆయన, ఇది నేను రాయలే, మేడమే రాసుకుంది అంటడు. అప్పుడు బక్కయ్య మొత్తానికే మునుగుతడు."

"అయితే మానెయ్యి. నీ నోరు మూసుకుని కూర్చో."

"అక్కా, ఆరేండ్ల సంది వాళ్ళ సంతకాల మీద నేను రాసిన. అన్ని నిజాలే రాసిననా? వాళ్ళు ఏది చెప్తే అది రాసిన. గిప్పుడు నాకే తెలుస్తలేదు ఏది నా పని, ఏది వాళ్ళ పనో." అలా అంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. టీ తెప్పిస్తే తాగలేదు కూడా.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూత, బస్సులు లేవు. బక్కయ్య అర్జీ లేబర్ ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. ఆ నలభై రోజుల్లో అందరూ రోడ్ల మీద నిలబడి కొట్లాడుతుంటే, కృష్ణకుమారి తన కొట్లాట తను మొదలుపెట్టింది.

నా కంప్యూటరు మీదే ఒక కాగితం తయారుచేసింది. మధ్యలో గీత. ఎడమవైపు కాంట్రాక్టరు చేయాల్సినవి: మనిషిని పనిలో పెట్టుకున్న రోజే పేరు ఇవ్వడం, మస్టరులో రోజూ తన చేత్తో గుర్తు పెట్టడం, దెబ్బ తగిలితే అదే రోజు చెప్పడం, రాసి ఉన్న కాగితం చదివాకే సంతకం పెట్టడం. కుడివైపు అకౌంటెంటు చేయాల్సినవి: ఇచ్చిన వివరాలు సరిచూడడం, గడువులోగా దాఖలు చేయడం, గడువు దగ్గరపడుతుంటే గుర్తుచేయడం, వివరాలు రాకపోతే రాలేదని రాయడం, ఊహించి ఏదీ నింపకపోవడం. కింద ఇద్దరి సంతకాలకూ చోటు. ఆ కాగితం, ఎవరి ఖాళీ లెటర్‌హెడ్లు వాళ్ళకు తిరిగివ్వడానికి సంచిలో పెట్టుకుని, బస్సుల్లేని రోజుల్లో కర్మన్‌ఘాట్, వనస్థలిపురం అన్నీ నడిచి తిరిగింది.

అబ్బో, ఎన్ని మాటలు పడింది! ఒకాయన "పైసలిచ్చి పని కూడా మేమే చేస్కోవాల్నా?" అన్నాడట. ఇంకొకాయన, మా గుంటూరువైపు ఆయనే, "అమ్మాయ్, నువ్వు అకౌంటెంటువా, హెడ్‌మిస్ట్రెస్సువా?" అన్నాడు. ఆ మాట విని నేనే ఫోను చేసి ఆయన్ను కడిగేశాను. పదకొండు మందిలో ముగ్గురు సంతకం పెట్టారు. ఏడుగురు ఫైళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు కొత్త అకౌంటెంటు దొరకడం ఎంతసేపు? పక్క సందులోనే దొరికాడు, వెళ్ళి మళ్ళీ ఖాళీ లెటర్‌హెడ్ల మీద గీకారు.

మిగిలింది వెంకటనర్సయ్య. ఆయన కట్ట మాత్రం ఆమె తిరిగి ఇవ్వలేదు.

సమ్మె ముగిశాక నవంబరులో లేబర్ ఆఫీసులో విచారణకు పిలిచారు. నేను షాపు మూసి వెంట వెళ్ళాను. బక్కయ్య కర్ర సాయంతో వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. కాలు ఇంకా చాచే ఉంచాలి. పక్కన అండాలమ్మ.

వెంకటనర్సయ్య ముందే చెప్పేశాడు. "గీ మనిషి ఎవరో నాకు తెల్వది సార్. మస్టరు చూడుండ్రి. పేరే లేదు."

ఆఫీసరు పుస్తకం తిరగేసి, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు.

కృష్ణకుమారి లేచి నిలబడింది. "నేను రాసిన సార్. జులై పేజీ అబద్ధం. జూన్ పేజీ చూసి దింపిన. సైటుకు పోలే, ఎవర్ని అడగలే. గీ యాదగిరి ఆ నెల ఊర్ల ఉన్నడు."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి ఆమెను చూశాడు. "ఏం చెప్తున్నారో తెలుసా? మీ మీద కూడా రాయాల్సి వస్తుంది."

"రాయండి సార్. నా తప్పు నా పేరు మీద రాయండి. ఆయన తప్పు కూడా నాదే అంటే మాత్రం ఒప్పుకోను." తన సంచిలోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి ముప్పై ఆరు. అన్నిటి మీద ఆయన సంతకం, స్టాంపు ఉన్నయ్. బక్కయ్య మా మనిషి కాదని వీటి మీద రాయమన్నడు. రాయలే."

ఆఫీసరు ఒక్కొక్కటే తిరగేశాడు.   ఈ పిల్ల తన నోటితో తనే తన బతుకులో మన్ను పోసుకుంటోందే అని ఒక పక్క నాకు ఏడుపొచ్చింది, ఇంకో పక్క లేచి ఈల వేయాలనిపించింది.

"ఇవి మీ సంతకాలేనా?" అన్నాడు ఆఫీసరు.

వెంకటనర్సయ్య నేలచూపులు చూస్తూ తలూపాడు.

ఆఫీసరు కట్టను పక్కకు జరిపి, ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టాడు. "ఆ రోజు బక్కయ్య మీ దగ్గర పని చేస్తున్నాడా లేదా, మీ చేత్తోనే రాయండి. అబద్ధమైతే అది మీ రాతే. ఇంకొకరు రాశారని చెప్పడానికి ఉండదు."

వెంకటనర్సయ్య పెన్ను పట్టుకున్నాడు. ఒక్క అక్షరం పడలేదు. నుదురు తుడుచుకున్నాడు. బక్కయ్య వైపు చూడబోయి, ఆ చాచిన కాలు కనపడగానే చూపు తిప్పుకున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, కాగితాన్నీ పెన్నునూ కృష్ణకుమారి వైపు జరిపాడు. "జర నువ్వు రాయి బిడ్డా. నేను సంతకం పెడ్త."

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. కాగితాన్ని ముట్టుకోలేదు. ఆయన దాన్ని మళ్ళీ తన వైపు లాక్కున్నాడు. రెండు ముక్కలు రాసి ఆగాడు.

"వాని ఇంటిపేరు ఏంది?" అని ఆమెనే అడిగాడు.

"నాకేం ఎర్క మామా," అంది కృష్ణకుమారి. "అడ్డా మీద ఆయనను పనికి పిలిచింది నువ్వు."

 చివరికి ఆయన కుర్చీలో పక్కకు తిరిగి, బక్కయ్య ముఖంలోకి చూసి, ఇంటిపేరు అడిగాడు.